ఖైదీ హక్కు: చోటు మారితే న్యాయం జరిగినట్టేనా?

సమస్త ప్రశంసలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



దివ్య ఖుర్ఆన్‌లోని ‘అద్ దహ్ర్’ సూరా 8వ ఆయతులో అల్లాహ్ స్వర్గవాసుల గుణగణాలను వివరిస్తూ ఒక విషయం తెలియజేశాడు. అన్నం తమకు ప్రియమైనదే అయినా వారు దానిని ముగ్గురికి తినిపిస్తారు. ఒకడు నిరుపేద, మరొకడు అనాథ, మూడోవాడు ఖైదీ. నిరుపేద మన గుమ్మం ముందుకు వస్తాడు, గుర్తుంటాడు. అనాథ మన వీధిలోనే ఉంటాడు, రమజాన్‌లోనైనా మనకు జ్ఞాపకం వస్తాడు. మరి ఆ మూడోవాడు? గోడల వెనుక ఉన్నవాడు మన కంటికి కనబడడు, గొంతు వినబడదు. కనుకనే కాబోలు అల్లాహ్ అతణ్ణి ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఇంకొక సంగతి గమనించండి. ఆ కాలంలో ముస్లిముల చేతికి చిక్కిన ఖైదీ ఎవరు? వారిని చంపడానికి కత్తి పట్టి వచ్చిన బహుదైవారాధకుడే. పూర్వ వ్యాఖ్యాతల్లో పలువురు ఈ విషయాన్ని స్పష్టం చేశారు. అంటే అల్లాహ్ ఇక్కడ మెచ్చుకుంటున్నది మిత్రుడికి పెట్టిన అన్నాన్ని కాదు, శత్రువుకు పెట్టిన అన్నాన్ని. ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుని మన కాలంలోని ఒక చెరసాల గురించి ఆలోచిద్దాం.

సముద్రం అవతలి చెర

2001 సెప్టెంబరు 11న అమెరికాలో జరిగిన దాడుల్లో దాదాపు మూడు వేల మంది అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. అన్యాయంగా ఒక్క ప్రాణం తీసినా సమస్త మానవులనూ చంపినట్టేనని నేర్పే ధర్మం మనది. కాబట్టి ఆ ఘోరాన్ని ఖండించడంలో ఏ ముస్లిమూ తడబడకూడదు. నేరం చేసినవారిని పట్టుకుని శిక్షించే హక్కు ఆ దేశానికి ఉంది. ఇందులో వివాదం లేదు.

వివాదం ఆ తర్వాత జరిగిన దానితోనే మొదలైంది. 2002 జనవరి 11న కాషాయరంగు దుస్తులు, చేతులకు కాళ్ళకు సంకెళ్ళు, కళ్ళకు గంతలతో 20 మందిని క్యూబా ద్వీపంలోని గ్వాంటనామో అఖాతం దగ్గరున్న అమెరికా నౌకాదళ స్థావరానికి తరలించారు. అప్పటినుంచి మొత్తం దాదాపు 780 మందిని అక్కడ ఉంచారు. వారంతా ముస్లిములే. వారిలో యుద్ధంలో పాల్గొన్నవారూ ఉన్నారు, డబ్బు బహుమతికి ఆశపడి ఇతరులు పట్టి అప్పగించినవారూ ఉన్నారు. అల్ జజీరా టీవీ కెమెరామన్ సామీ అల్ హాజ్ అక్కడ సుమారు ఆరేళ్ళు గడిపి 2008 మే నెలలో విడుదలయ్యాడు. అతనిపై ఏ కోర్టులోనూ ఏ నేరమూ మోపలేదు. మారిటేనియాకు చెందిన ముహమ్మదూ ఉల్ద్ స్లాహీ 14 ఏళ్ళు ఉండి 2016 అక్టోబరులో బయటికి వచ్చాడు. అతనిపైనా నేరాభియోగం నమోదు కాలేదు. తొమ్మిది మంది ఆ చెరలోనే ప్రాణాలు విడిచారు.

సొంత దేశంలో ఇన్ని జైళ్ళుండగా సముద్రం అవతలి స్థలాన్నే ఎందుకు ఎన్నుకున్నారు? కారణం చట్టమే. ఆ స్థలాన్ని అమెరికా 1903లో క్యూబా నుంచి కౌలుకు తీసుకుంది. అది మా భూభాగం కాదు గనుక మా కోర్టుల అధికారం అక్కడికి చేరదని ఆనాటి ప్రభుత్వం వాదించింది. ఖైదీకి, న్యాయమూర్తికి మధ్య సముద్రాన్ని ఉంచారన్నమాట. ఈ వాదాన్ని ఆ దేశపు సుప్రీంకోర్టే ఒప్పుకోలేదు. 2004లో ఒకసారి, 2006లో మరోసారి ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పులిచ్చింది. 2008 జూన్ 12న, తమను ఎందుకు నిర్బంధించారో కోర్టులో ప్రశ్నించే రాజ్యాంగ హక్కు ఈ ఖైదీలకు ఉందని ప్రకటించింది. 2006 నాటి కేసులో ఒక యెమన్ దేశీయుడి పక్షాన నిలబడి పోరాడిన న్యాయవాదుల్లో చార్లెస్ స్విఫ్ట్ ఒకరు. ఆయన స్వయంగా అమెరికా నౌకాదళ అధికారి. న్యాయం ఎవరు పలికినా దానిని న్యాయమనే అనాలి. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని ‘అల్ మాయిదా’ సూరా 8వ ఆయతులో అల్లాహ్ మనల్ని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక వారికి ఎంత వర్తిస్తుందో మనకూ అంతే వర్తిస్తుంది.

తరలిస్తామన్నారు, తరలించలేదు

2009 జనవరి 22న అప్పటి అధ్యక్షుడు బరాక్ ఒబామా, ఏడాదిలోగా ఆ చెరసాలను మూసివేయాలని ఉత్తర్వు జారీ చేశారు. అప్పటికి అక్కడ సుమారు 240 మంది ఉన్నారు. కొందరిని ఇతర దేశాలకు పంపడం, మిగిలినవారిని అమెరికా గడ్డపైనున్న జైళ్ళకు తరలించడం ఆ ఆలోచన. అదే ఏడాది డిసెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న థామ్సన్ అనే చిన్న ఊరి జైలును ఇందుకోసం ఎంపిక చేశారు. 2001లో కట్టిన ఆ జైలు చాలా భాగం ఖాళీగా పడి ఉంది. ఉద్యోగాలు వస్తాయని ఆ ఊళ్ళో చాలామంది ఆశపడ్డారు.

కాని దేశ రాజకీయాల్లో భయం రాజ్యమేలింది. ‘వాళ్ళను మా గడ్డ మీదికి తేవద్దు’ అన్న కేక పుట్టింది. 2009 మే 20న సెనేట్ 90-6 ఓట్ల తేడాతో మూసివేతకు అడిగిన నిధులను నిరాకరించింది. 2011 జనవరిలో అమల్లోకి వచ్చిన రక్షణ చట్టం, ఈ ఖైదీలను అమెరికాకు తరలించడానికి ప్రభుత్వ సొమ్ము ఖర్చు చేయరాదని నిషేధించింది. ఆ నిషేధం ఆ తర్వాత ఏడాదికేడాది కొనసాగుతూ వచ్చింది. థామ్సన్ జైలును కేంద్ర ప్రభుత్వం 2012లో కొననైతే కొన్నది గాని ఈ ఖైదీల్లో ఒక్కడూ అందులో అడుగుపెట్టలేదు. 2016 ఫిబ్రవరి 23న, 91 మంది మిగిలి ఉండగా, ఒబామా మరో పథకాన్ని కాంగ్రెసు ముందుంచారు. అమెరికాలోని 13 స్థలాలను అందులో పరిశీలించారు. అదీ కాగితం మీదే ఆగిపోయింది. 2018 జనవరిలో తర్వాతి అధ్యక్షుడు ట్రంప్ ఆ చెరసాలను తెరిచే ఉంచాలని ఉత్తర్వు ఇచ్చారు. విడుదలలు జరుగుతూ జరుగుతూ 2025 జనవరి నాటికి అక్కడ 15 మంది మిగిలారు.

చైనా పాలనలోని వీగర్ ముస్లిముల సంగతి ఇంకా హృదయవిదారకం. వారు 22 మంది. శత్రు యోధులు కారని తేలిన తర్వాత కూడా, స్వదేశానికి పంపితే హింసిస్తారన్న భయంతో పంపలేకపోయారు, వేరే దేశాలు తీసుకోవడానికి ముందుకు రాలేదు. మిగిలి ఉన్న 17 మందిని అమెరికా గడ్డపై విడుదల చేయమని 2008 అక్టోబరులో ఒక న్యాయమూర్తి ఆదేశించారు. 2009 ఫిబ్రవరిలో పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. చివరి ముగ్గురు స్లొవేకియాకు వెళ్ళేసరికి 2013 డిసెంబరు ముగిసింది. నిర్దోషి అని తెలిసినా అడుగు పెట్టడానికి జానెడు నేల దొరకని దుస్థితి అది.

మదీనాలో ఖైదీలను ఎక్కడ ఉంచారు?

ఇప్పుడు పద్నాలుగు శతాబ్దాల వెనక్కి వెళదాం. హిజ్రీ రెండవ సంవత్సరం. బద్ర్ యుద్ధంలో డెబ్బై మంది మక్కా ఖురైషీయులు ఖైదీలయ్యారు. పదమూడేళ్ళపాటు ముస్లిములను హింసించి, ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పారిపోయేలా చేసినవారు వారే. మదీనాలో అప్పటికి జైలు లేదు. దైవప్రవక్త (సఅసం) వారిని ఏ ఎడారి మధ్యలోనో పడవేయలేదు. సహచరుల ఇళ్ళకు పంచి, వారితో మంచిగా మెలగండని తాకీదు చేశారు. అబూ అజీజ్ అనే ఖైదీ ఆ రోజులను తర్వాత గుర్తు చేసుకునేవాడు. తనను ఉంచుకున్న అన్సారులు ప్రవక్త మాట కోసం రొట్టె తనకు పెట్టి, తాము ఖర్జూరాలతో సరిపెట్టుకునేవారట. సిగ్గుపడి రొట్టె తిరిగి ఇవ్వబోయినా తీసుకునేవారు కారట. డబ్బు కట్టలేని ఖైదీల్లో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పి విడుదల పొందారు.

ఒకసారి ఆలోచించండి. చంపడానికి వచ్చిన శత్రువు మన వంటింటి పక్కనే ఉన్నాడు, మన పిల్లవాడికి అక్షరాలు దిద్దిస్తున్నాడు! ఆ తల్లులకు భయం లేదా? ఉండే ఉంటుంది. కాని ఆ భయంకన్నా దైవభీతి పెద్దది. మందపాటి గోడలు, వేలమంది కాపలాదారులు ఉన్న మహా సామ్రాజ్యం భయపడిన చోట, తాటాకుల కప్పు కింద బతికే ఆ నిరుపేదలు భయపడలేదు.

రెండో సంఘటన సుమామా బిన్ ఉసాల్‌ది. యమామా ప్రాంతపు బనూ హనీఫా తెగ నాయకుడతను. నజ్ద్ వైపు వెళ్ళిన ముస్లిం ఆశ్వికదళం అతణ్ణి పట్టి తెచ్చింది. అతణ్ణి ఎక్కడ కట్టి ఉంచారో తెలుసా? మస్జిదె నబవీలోని ఒక స్తంభానికి! ఊరి నడిబొడ్డున, రోజుకు ఐదుసార్లు అందరూ వచ్చే చోట. ప్రవక్త (సఅసం) స్వయంగా అతని దగ్గరికి వచ్చి, నీ మాట ఏమిటి సుమామా అని అడిగారు. చంపితే నా రక్తానికి బదులు అడిగేవారున్నారు, విడిచిపెడితే మేలు మరువను, ధనం కావాలంటే అడగండి అన్న అర్థంలో అతను జవాబిచ్చాడు. రెండో రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడో రోజు ప్రవక్త (సఅసం) అతణ్ణి విడిచిపెట్టమన్నారు. అతను దగ్గరలోని ఖర్జూర తోటకు వెళ్ళి స్నానం చేసి, తనంతట తానే తిరిగి వచ్చి షహాదా పలికాడు. అంతవరకు తనకు లోకంలోకెల్లా ద్వేషం కలిగించిన ముఖం, ఆ రోజునుంచి అన్నిటికన్నా ప్రియమైనదైందని చెప్పుకున్నాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది.

ఇందులో మనకు మూడు పాఠాలు కనిపిస్తున్నాయి. ఖైదీని ప్రజల కళ్ళెదుట ఉంచారు. బాధ్యుడైన నాయకుడు ప్రతిరోజూ వచ్చి అతని మాట విన్నారు. మూడు రోజుల్లో నిర్ణయం చెప్పారు. కనిపించే చోట ఉన్న ఖైదీని హింసించడం కష్టం. కనిపించని చోట ఉన్నవాణ్ణి మరచిపోవడం తేలిక. గ్వాంటనామో ఖైదీలను దేశం లోపలికి తరలించాలన్న వాదంలో ఉన్న బలం ఇదే. చోటు మారితే చట్టం దగ్గరవుతుంది, లాయరు దగ్గరవుతాడు, ప్రశ్నించే కళ్ళు దగ్గరవుతాయి.

ఇందుకు ఒక ఉదాహరణ చెబుతాను. 1998 ఆగస్టులో నైరోబీ, దారుస్సలాం నగరాల్లోని అమెరికా దౌత్య కార్యాలయాలపై బాంబు దాడులు జరిగి 224 మంది మరణించారు. ఆ కేసులో నిందితుడైన అహ్మద్ ఖల్ఫాన్ గైలానీని 2009 జూన్‌లో గ్వాంటనామో నుంచి న్యూయార్కుకు తెచ్చి మామూలు కోర్టులో విచారించారు. బలవంతపు విచారణ ద్వారా ఆచూకీ దొరికిన ఒక సాక్షిని న్యాయమూర్తి అనుమతించలేదు. 280కి పైగా అభియోగాల్లో ఒక్కటే రుజువైంది. దానికే 2011 జనవరిలో యావజ్జీవ శిక్ష పడింది. రెండేళ్ళలోపే తీర్పు వచ్చింది. మరోవైపు 2001 దాడుల కేసు నిందితులను గ్వాంటనామోలోనే ఉంచి 2012లో సైనిక ట్రిబ్యునల్ ముందు నిలబెట్టారు. 2024 ముగిసినా అసలు విచారణ మొదలవలేదు. అన్యాయం జరిగింది నిందితులకు మాత్రమేనా? తమవారిని పోగొట్టుకుని తీర్పు కోసం ఎదురుచూస్తూ ముసలివారైపోయిన బాధితుల కుటుంబాలకు జరగలేదా?

చోటు ఒక్కటే చాలదు

అయితే సోదరులారా, ఇక్కడ ఒక పొరపాటు చేయకూడదు. తరలింపు వేరు, న్యాయం వేరు. 2010 జనవరిలో ఒబామా నియమించిన సంఘం 240 మంది ఖైదీల వివరాలు పరిశీలించి నివేదిక ఇచ్చింది. అందులో 126 మందిని ఇతర దేశాలకు పంపవచ్చని, 36 మందిపై కేసు నడపాలని, 30 మంది యెమన్ దేశీయులను షరతులపై ఆపాలని, 48 మందిని మాత్రం కేసు నడపడానికి వీల్లేకపోయినా విడుదల చేయకుండా నిర్బంధంలోనే ఉంచాలని తేల్చింది. ఈ 48 మందిని క్యూబా నుంచి ఇల్లినాయ్‌కి మారిస్తే ఏం మారినట్టు? తాళం అదే, గది మాత్రమే కొత్తది. అందుకే ఖైదీల పక్షాన పోరాడిన అమెరికా పౌరహక్కుల సంఘాలు సైతం, తీర్పులేని నిర్బంధాన్ని మా గడ్డ మీదికి తేవద్దని గట్టిగా అభ్యంతరం చెప్పాయి.

ఈ విషయంలో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం మనకు వెలుగు చూపుతుంది. నిర్దోషి అని తెలిపే నిదర్శనాలు చూసిన తర్వాత కూడా పెద్దలు ఆయనను చెరసాలలో వేశారు. బయటికి వెళ్ళిన తోటి ఖైదీ ఆయన మాటే మరచిపోయాడు. ఏళ్ళు గడిచిపోయాయి. చివరికి రాజు దూత వచ్చి రమ్మన్నాడు. ఎవరైనా ఏం చేస్తారు? పరుగెత్తుకుంటూ బయటపడతారు. యూసుఫ్ (అలైహిస్సలాం) మాత్రం దూతను వెనక్కి పంపారు. ముందు ఆ స్త్రీల సంగతి విచారించమని రాజుకు చెప్పమన్నారు. విచారణ జరిగింది, ఆయన నిర్దోషిత్వం నలుగురిలో వెల్లడైంది, అప్పుడే ఆయన బయటికి వచ్చారు. గోడలు దాటడమే ఆయనకు ముఖ్యం కాలేదు. సత్యం తేలడం ముఖ్యమైంది. ఖైదీకి కావలసింది మరో గది కాదు, తీర్పు!

దైవప్రవక్త (సఅసం) ఖుత్బా ఇస్తుండగా ఒకతను లేచి, నా పొరుగువారిని ఏ నేరంపై పట్టుకున్నారని అడిగాడు. అబూ దావూద్ గ్రంథంలో ఈ హదీసు ఉంది. ఆయన రెండుసార్లు మౌనం వహించారు. అతను మళ్ళీ అడిగాడు. నేరం ఇదీ అని ఎవరూ చెప్పకపోయేసరికి, అతని పొరుగువారిని విడిచిపెట్టమని ఆదేశించారు. ప్రవక్త ముఖం మీదే ఒక మామూలు మనిషి ఈ ప్రశ్న వేయగలిగాడు, జవాబూ పొందాడు. న్యాయవంతులైన సాక్షులు లేకుండా ఇస్లాంలో ఎవరినీ నిర్బంధించే వీల్లేదని హజ్రత్ ఉమర్ (రజి) ఆ తర్వాత ప్రకటించారు. ఆకలితో మాడ్చి, బెదిరించి, కట్టివేసి రాబట్టిన ఒప్పుకోలుకు విలువ లేదన్న భావం కూడా ఆయన నుంచి ఉల్లేఖించబడింది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) ‘కితాబుల్ ఖరాజ్’లో ఖలీఫా హారూన్ రషీద్‌కు ఖైదీల తిండి గురించీ బట్టల గురించీ చెప్పి, వారి కేసులను ఎప్పటికప్పుడు పరిశీలించకపోవడం వల్లనే చెరసాలలు నిండిపోతున్నాయని నిర్మొహమాటంగా హెచ్చరించారు.

ఈ గీటురాయి అమెరికాకు మాత్రమేనా? కానే కాదు. ముస్లిం పాలకుల దేశాల్లోనూ విచారణ లేకుండా జైళ్ళలో మగ్గుతున్నవారు ఉన్నారు. గ్వాంటనామోను ఖండించే నోరు వాటి దగ్గర మూతపడితే, మనం నిలబడింది న్యాయం కోసం కాదు, మనవాళ్ళ కోసం. ఆత్మీయులకు, చివరికి మనకే వ్యతిరేకంగా చెప్పవలసి వచ్చినా న్యాయం వైపే నిలబడమని ‘అన్ నిసా’ సూరా 135వ ఆయతు ఆదేశిస్తోంది.

మనం ఏం చేయగలం?

గ్వాంటనామో తాళాలు మన చేతిలో లేవు. కాని ఖైదీ హక్కు మన చేతికి అందేంత దూరంలోనూ ఉంది. మన దేశపు జైళ్ళలో ఎక్కువమంది శిక్ష పడినవారు కారు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవారే. బెయిలు మంజూరైనా పూచీకత్తు ఇచ్చేవారు లేక, జామీను కట్టే డబ్బు లేక లోపలే ఉండిపోతున్న పేదలు వారిలో ఉన్నారు. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఆకలిగొన్నవారికి తినిపించండి, రోగిని పరామర్శించండి, బందీని విడిపించండి అన్న ప్రవక్త (సఅసం) ఉపదేశం బుఖారీలో ఉంది. మొదటి రెండూ మన మొహల్లాల్లో అంతో ఇంతో జరుగుతున్నాయి. మూడోదాన్ని పూర్తిగా మరచిపోయాం. మస్జిదు కమిటీలు తమ ప్రాంతంలో అలాంటివారు ఎవరున్నారో వాకబు చేయవచ్చు. నమ్మకమైన న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం అందుతుందన్న సంగతి ఆ కుటుంబానికి తెలియజేయవచ్చు.

ఇక ఇళ్ళలో ఉన్న మన అక్కచెల్లెళ్ళు, తల్లులు చేయగల పని ఇంకొకటి ఉంది. జైల్లో ఉన్నవాడి భార్య కూడా సగం ఖైదీయే. నలుగురూ వేలెత్తి చూపుతారు, పెళ్ళిళ్ళకు పిలవరు, ఆమె పిల్లలతో మన పిల్లలను ఆడుకోనివ్వరు. ఒకరి భారం మరొకరు మోయరని అల్లాహ్ చెప్పాడు. భర్త నేరం చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది. ఆమెకూ, ఆమె పిల్లలకూ ఏ కోర్టూ శిక్ష వేయలేదు కదా! మరి మనం ఎందుకు వేస్తున్నాం? ఈ పండుగకు ఆ ఇంటి తలుపు తట్టండి. ఒక గిన్నె షీర్ ఖుర్మా పంపండి. ఆ పిల్లవాడి స్కూలు ఫీజు సంగతి అడగండి.

ఒక పిల్లిని కట్టివేసి తిండి పెట్టక, విడిచిపెట్టక చంపినందుకు ఒక స్త్రీ నరకం పాలైందని ప్రవక్త (సఅసం) తెలిపారు. ఒక మూగజీవిని బంధించినందుకే అంత కఠినమైన లెక్క ఉంటే, మనుషులను ఏళ్ళ తరబడి బంధించి మరచిపోయినవారి లెక్క ఎలా ఉంటుంది? వారిని గుర్తుచేసే శక్తి ఉండి కూడా నోరు మెదపని మన లెక్క ఎలా ఉంటుంది?

ఓ అల్లాహ్! నిర్దోషులుగా బంధించబడినవారికి, వారు ఏ దేశంవారైనా ఏ మతంవారైనా, విముక్తి ప్రసాదించు. దోషులకు పశ్చాత్తాపాన్ని, బాధితులకు న్యాయాన్ని ప్రసాదించు. అధికారం చేతిలో ఉన్నవారి గుండెల్లో నీ భయాన్ని నింపు. గోడల వెనుక ఉన్నవారిని మరచిపోని హృదయాలను మాకు అనుగ్రహించు. ఆమీన్!